వెనక్కి దారి లేని మార్పిడి

వీడియో కెమెరాల మినీ డీవీ టేపులోని గంట వీడియో కంప్యూటర్‌లోకి వస్తే దాదాపు 13 జీబీ అవుతుంది. ఫైళ్లను ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో అమర్చుకునే డిస్కులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు. అందువల్ల విండోస్ 98 కాలంలో నెల్లూరు ట్రంకు రోడ్డు సందుల్లోని స్టూడియోల్లో పెళ్లి వీడియో ఎక్కిస్తుంటే, జీలకర్ర బెల్లంతో మొదలైన ఫైలు పందొమ్మిది నిమిషాలకే, తలంబ్రాలు రాకముందే నిండిపోయేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మారినప్పుడు డిస్కును ఈ 4 జీబీ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే అమరికకు మార్చాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ అంత బలంగా వినిపించడానికి ఇదొక కారణం.

రెండో కారణం కరెంటు. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ విండోస్ 98 నీలి తెర మీద స్కాన్‌డిస్క్ నడిపి, డిస్కు మొత్తం సరిచూసుకునేది. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ మాత్రం ప్రతి మార్పునూ ముందుగా చిట్టాలో రాసుకుంటుంది కనుక, మధ్యలో ఆగిపోయిన పనిని తిరిగి లేవగానే చక్కదిద్దుకోగలదు. అయితే ఈ చిట్టా కాపాడేది ఫైళ్ల అమరికనే గాని, అప్పటికి సేవ్ చేయని పనిని కాదు.

ఈ మార్పిడి చేసే కన్వర్ట్ అనే విండోస్ ఆదేశం ఫైళ్లను కదల్చకుండా, డిస్కులోని ఖాళీ జాగాలో కొత్త పట్టికలు రాసి, చివరగా డిస్కు అమరిక ఏదో చెప్పే మొదటి భాగమైన బూట్ సెక్టార్‌ను మార్చేది. ఖాళీ చాలకపోతే మార్పిడి జరిగేదే కాదు. జరిగాక ఫ్యాట్32కు తిరిగి వెళ్లే ఆదేశం మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు, విండోస్ 98 ఆ డిస్కును చదవనూ లేదు. పైగా మార్చిన డిస్కులో క్లస్టరు, అంటే ఫైళ్లకు జాగా ఇచ్చే కనీస ముక్క, చాలాసార్లు 512 బైట్లకు పడిపోయి, పెద్ద వీడియో ఫైళ్లు ముక్కలై వేగం తగ్గేది. అందుకే సరుకంతా వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, కొత్తగా ఫార్మాట్ చేసుకున్నవారిదే సరైన పని అని నా అభిప్రాయం.

ఎక్స్‌పీ తర్వాతి విండోస్ విస్టా నుంచి, విండోస్ ఉండే సిస్టమ్ డిస్కుకు ఎన్‌టీఎఫ్‌ఎస్ తప్పనిసరి అయింది. 2017 మార్చిలో ఆపిల్ ఐఓఎస్ 10.3 అప్‌డేట్‌లోనే, వాడేవారిని అడగకుండా ఫోన్లను ఏపీఎఫ్‌ఎస్ అనే తన కొత్త అమరికకు మార్చేసింది. లినక్స్‌లో ఎక్స్ట్4 అనే అమరిక నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో అమరికకు మార్చే పనిముట్టు మాత్రం పాత అమరికను ఒక పక్కన భద్రంగా ఉంచుతుంది. దాన్ని మన చేతులతో చెరిపేసేవరకూ పాత రూపానికి తిరిగి వెళ్లవచ్చు, కానీ మార్పిడి తర్వాత రాసుకున్నదంతా వదులుకోవాలి.