దిక్కులేని పడవ బిల్లు ఎవరి ఖాతాలో?

మన తీరంలో తెప్ప పాతబడితే తాళ్లు విప్పేవారు. పనికొచ్చే దుంగ ఇంకో తెప్పలోకి, పనికిరానిది పొయ్యిలోకి పోయేది. ఇనుప పడవైతే తుక్కు కొనేవాడే లారీ వేసుకొని వస్తాడు. ఫైబర్ పడవకు అలా వచ్చేవాడు లేడు. గాజు పీచును రెజిన్ అనే జిగురుతో తడిపి గట్టిపరిస్తే వచ్చే గుల్ల అది. ఒకసారి గట్టిపడ్డాక కరగదు, పుచ్చదు, తుప్పు పట్టదు. అమ్మేటప్పుడు గొప్పగా చెప్పిన గుణమే వదిలించుకునేటప్పుడు తలనొప్పి.

అమెరికాలో 1960, 70 దశకాల్లో ఈ పడవలు అచ్చుల్లోంచి వేల సంఖ్యలో దిగాయి. అవి పాతబడ్డాక జరిగేది దాదాపు ఒకటే. చేతులు మారినప్పుడల్లా ధర పడిపోతుంది. రేవు అద్దె బకాయి పడ్డవాడు చివరికి ఒక్క డాలరుకు కాగితం రాసిచ్చి చేతులు దులుపుకుంటాడు. అలా పడవ ముసలిదయ్యే కొద్దీ దాన్ని తీసేయించే స్తోమత లేనివాడి చేతికే చేరుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం ఇరవై ఏళ్లకు పైగా విప్పుతున్న ముడి ఇదే.

2002లో ఆ రాష్ట్ర శాసనసభ వదిలేసిన పడవల తొలగింపు కోసం చట్టం చేసి, పనిని సహజ వనరుల శాఖకు అప్పజెప్పింది. స్థలం వాళ్ల అనుమతి లేకుండా ఒకేచోట వరసగా 30 రోజులకు మించి గానీ, ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి గానీ ఉంటే అది వదిలేసిన పడవ కిందే లెక్క. స్వాధీనానికి కనీసం 20 రోజుల ముందు యజమాని చివరి చిరునామాకు నోటీసు పంపాలి. దాన్ని పడవ మీద అంటించి, పత్రికలోనూ వేయాలి. ఇప్పుడో ఇంకాసేపట్లోనో మునిగేలా ఉంటే మాత్రం ఆగక్కర్లేదు. డబ్బు పడవల రిజిస్ట్రేషన్ ఫీజులోంచి వస్తుంది. స్థానిక పోర్టు లేదా పట్టణం పని చేయిస్తే ఖర్చులో 90 శాతం దాకా తిరిగి ఇస్తారు. చట్టప్రకారం బిల్లు యజమానిదే, కానీ ఒక్క డాలరుకు కొన్నవాడి దగ్గర ఏం రాలుతుంది?

తేలుతున్న పడవను లాక్కెళ్లడం ఒక ఎత్తు, మునిగినదాన్ని తీయడం ఇంకో ఎత్తు. 30 అడుగుల తెరచాప పడవనే తీసుకోండి. బరువు నాలుగైదు టన్నులు, అందులో రెండు టన్నుల దాకా అడుగున బిగించిన సీసపు దిమ్మ, అంటే కీల్‌దే. ముందు చుట్టూ చమురును ఆపే తేలుడు కంచె వేస్తారు. డైవర్లు దిగి డీజిల్ ట్యాంకు గాలి గొట్టాలు మూస్తారు. వెడల్పాటి పట్టీలు రెండు, కీల్‌కు ముందొకటి వెనకొకటి, అడుగు నుంచి దూరుస్తారు. తాడు కట్టే కొక్కేలకు తగిలించి లాగితే నానిన గుల్లలోంచి అవే ఊడి వస్తాయి. బురద పట్టేస్తే నీటి జెట్‌తో వదులు చేయాలి. ఒక ఘనమీటరు గాలి సంచి దాదాపు ఒక టన్నును ఎత్తుతుంది. గాలి కొంచెం కొంచెంగానే నింపాలి. పది మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి సంచిలోని గాలి రెట్టింపవుతుంది. అడుగు తెరిచిన సంచి అయితే ఎక్కువైన గాలిని వదిలేస్తుంది, మూసిన సంచి పడవను రాకెట్‌లా పైకి తోస్తుంది. ఒక కొస ముందు లేచిందా, లోపలి నీరంతా రెండో కొసకు ఉరికి పడవ బోర్లా పడుతుంది.

కొత్తవాళ్లు బోల్తా పడేది నీటిమట్టం దగ్గరే. నీటి అడుగున ఆ పడవ మూడు టన్నులకు మించి తూగదు. నిండా నీళ్లతో గాల్లోకి ఎత్తబోతే అదే పది పదిహేను టన్నులై కూర్చుంటుంది, పట్టీలు గుల్లను కోసేస్తాయి. అందుకే అంచు నీటిపైకి రాగానే ఎత్తడం ఆపేసి, చిల్లులు మూసి, పంపులు పెడతారు. ఆ పంపులను ఆపేది చాలాసార్లు పాత బట్టలు, పరుపు పీచు, తడిసిన కాగితాలు. జాలీ దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే.

ఇవన్నీ చిన్న పడవల తంటాలు. చట్టాన్ని మార్చింది రెండు పెద్ద ఓడలు. డేవీ క్రాకెట్ 431 అడుగుల పాత లిబర్టీ షిప్, అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలపు సరుకుల ఓడ, తర్వాత బార్జ్‌గా మార్చారు. కొలంబియా నదిలో తుక్కు కోసం అడ్డగోలుగా కోస్తుండగా 2011 జనవరిలో నడుం విరిగి చమురు కారింది. చుట్టూ కాఫర్‌డ్యామ్ కట్టి, పోలవరం పుణ్యమా అని ఆ మాట మనకు కొత్తేం కాదు, ఉన్నచోటే ముక్కలు చేశారు. ఖర్చు రెండు కోట్ల డాలర్లు దాటింది. తుక్కు ధర ఉన్న ఇనుము కూడా నీళ్లలో ఉంటే లాభం ఇవ్వదని అక్కడ తేలింది. 2012 మే నెలలో 140 అడుగుల చేపల ఓడ డీప్ సీ, అనుమతి లేకుండా లంగరు వేసిన పెన్ కోవ్ అనే చిన్న ఖాతంలోనే తగలబడి మునిగింది. అది ఆల్చిప్పలు పెంచే చోటు. చమురు తేలగానే వాటి కోత ఆగిపోయింది.

ఆ తర్వాత చట్టం వెనక్కి జరిగి, అమ్మకం దగ్గరే కాపు కాసింది. 65 అడుగులకు మించి, 40 ఏళ్లు దాటిన ఓడను అమ్మేముందు తనిఖీ చేయించాలి. బీమా లేని కొనుగోలుదారుకు అమ్మితే రేపటి ఖర్చు అమ్మినవాడి మెడకూ చుట్టుకోవచ్చు. 2014లో 45 అడుగుల లోపు పడవలకు స్వచ్ఛంద అప్పగింత మొదలైంది: స్తోమత లేని యజమాని మునగకముందే అప్పగిస్తే ప్రభుత్వమే వదిలిస్తుంది. మా లెక్కలో అన్నింటికన్నా తెలివైన అడుగు ఇదే. 2022లో పడవల ఎక్సైజు పన్నులో 25 శాతం ఈ నిధికి మళ్లించారు. తీసిన పడవలు వెయ్యి దాటాయి.

ఒడ్డుకు చేరాక పని మురికిగా ఉంటుంది. డీజిల్, అడుగున చేరిన నూనె నీళ్లు, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్, గడువు తీరిన సిగ్నల్ మందుగుండు, ఫ్రిజ్ వాయువు ముందు తీస్తారు. పాత పంపుల స్విచ్‌లో పాదరసం ఉండొచ్చు, పొగగొట్టానికి చుట్టిన పట్టీలో ఆస్‌బెస్టాస్, అడుగు రంగులో తగరపు విషం. పరీక్ష చేయకుండా జేసీబీ తెస్తే ఆ ధూళి అందరి ఊపిరిలోకి పోతుంది. తర్వాత నీళ్లు చల్లుతూ నలగ్గొట్టి పెట్టెలకెత్తుతారు. ఎక్కువగా అది వెళ్లేది చెత్త పూడ్చే చోటికే. సిమెంటు బట్టీ ఇంకో దారి. రెజిన్ ఇంధనంగా మండుతుంది, గాజు క్లింకర్‌లో, అంటే సిమెంటుగా పొడి చేసే ముడి గడ్డల్లో, కలిసిపోతుంది. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో దీన్ని ప్రయోగంగా చేసి చూశారు.

ఫ్రాన్స్ బిల్లును పుట్టుక దగ్గరే రాసింది. కొత్త పడవ అమ్మేవాళ్లు చెల్లించే రుసుముతో 2019 నుంచి అక్కడ పాత పడవలను ఉచితంగా విడగొడుతున్నారు. విడగొట్టే కేంద్రం దాకా తెచ్చే రవాణా మాత్రం యజమానిదే. పది మీటర్ల పడవకు క్రేన్, లోబెడ్ లారీ కావాలి, పెద్ద వాటా ఖర్చు అక్కడే. మొత్తం పడవలో ఇప్పటికీ నగదు పలికేది అడుగున ఉన్న ఆ సీసపు దిమ్మ ఒక్కటే. దాన్ని ముందే కోసుకుపోయి, తేలికైన గుల్లను నీళ్లలో వదిలేసేవాళ్లూ ఉన్నారు.