రచయిత ముఖం ఎవరి సొత్తు?

కొత్త పుస్తకం చేతికి రాగానే చాలామందిమి వెనక అట్ట తిప్పి రచయిత ఫొటో చూస్తాం. ఆ ఫొటో మీద హక్కు ఎవరిది? తీయించుకున్నవాడిదా, తీసినవాడిదా? ఈ తగాదా పంతొమ్మిదో శతాబ్దంలోనే పారిస్‌లో కోర్టుకెక్కింది.

1839 ఆగస్టు 19న డగేర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని ఫ్రాన్స్‌లో అందరికీ వెల్లడి చేశారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద నేరుగా బొమ్మ పడేది. నెగెటివ్ ఉండదు కాబట్టి ఆ రేకు ఒక్కటే ప్రతి. 1842లో నవలాకారుడు బాల్జాక్ అలా ఒకటి తీయించుకున్నాడు. చొక్కా మెడ దగ్గర తెరుచుకుని ఉంటుంది, చెయ్యి గుండెల మీద ఉంటుంది. మనిషి నీడల్లాంటి పొరలతో తయారవుతాడనీ, ఫొటో తీసిన ప్రతిసారీ ఒక పొర ఊడిపోతుందనీ ఆయన భయపడేవాడట. ఈ సంగతి రాసిపెట్టింది ఫొటోగ్రాఫర్ నాదార్. వింత భయమే, కానీ నేను దాన్ని కొట్టిపారేయలేను. తర్వాత జరిగింది చూస్తే ఆయన దేనికి జంకాడో అర్థమవుతుంది.

నాదార్ మొదట కార్టూనిస్టు. 1854లో దాదాపు 250 మంది రచయితల్ని, పాత్రికేయుల్ని ఒకే పెద్ద బొమ్మలో గీశాడు. అప్పుడే ఫొటోల వైపు మళ్లాడు. ఉత్త గోడ, పక్క నుంచి వెలుతురు, ఎదురుగా స్నేహితుడు. రచయితలు నెర్వాల్, జార్జ్ సాండ్, కవి బోద్లేర్ ఆయన కెమెరా ముందు కూర్చున్నారు. 1859లో ఫొటోగ్రఫీని ఘాటుగా తిట్టిన బోద్లేరే 1865లో తల్లి ఫొటో కావాలని ఆమెకు ఉత్తరం రాశాడు. ఈ కథలో నా మనసుకు బాగా తగిలేది ఆ ఉత్తరమే.

అసలు మార్పు తెచ్చింది మాత్రం డిస్దేరి అనే మరో ఫొటోగ్రాఫర్. విజిటింగ్ కార్డంత ఫొటోలకు 1854లో పేటెంట్ తీసుకున్నాడు. ఒకే గాజు పలక మీద చాలా బొమ్మలు పడేవి, కాగితం మీద ఎన్ని ప్రతులైనా వేసుకోవచ్చు. పేరున్నవాళ్ల ముఖాలు దుకాణాల్లో సరుకైపోయాయి.

1867లో నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా, నటి ఆదా మెంకెన్‌తో చనువుగా ఫొటోలు దిగాడు. ఫొటోగ్రాఫర్ లీబేర్ వాటిని అమ్మకానికి పెట్టాడు. ఊరంతా గుప్పుమంది. డ్యూమా దావా వేసి కింది కోర్టులో ఓడాడు. అప్పీలు కోర్టు మాత్రం, ఒకసారి ఒప్పుకున్నా, సొంత బతుకు బజారున పడుతున్నప్పుడు ఆ ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది. 100 ఫ్రాంకులు తీసుకుని ఆ ఫొటోల హక్కును డ్యూమాకు ఇచ్చేయమని లీబేర్‌ని ఆదేశించింది.