పశువుల గొంతువాపు వ్యాధి: అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిన రెండు మూడు వారాలకు మా ప్రయోగశాలకు వచ్చే నమూనాల్లో ఒకే రోగానికి చెందినవి ఎక్కువగా ఉంటాయి. మన పల్లెల్లో గొంతువాపు అనీ, గురక వ్యాధి అనీ పిలిచే ఈ రోగానికి కారణం పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. పశువుల శ్వాసకోశానికి హాని చేసే బ్యాక్టీరియా మీద పరిశోధన చేయడమే నా వృత్తి. మందూ టీకా రెండూ ఉన్న రోగానికి ఏటా పాడి గేదెలు బలికావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నమూనాలు తెచ్చే రైతులతో మాట్లాడినప్పుడు పదే పదే వినిపించే కొన్ని నమ్మకాలను, వాటి గురించి శాస్త్రం చెప్పేదాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: ఇది గొంతుకు వచ్చే జబ్బు; వాపు తగ్గితే పశువు బతుకుతుంది.

కంటికి కనిపించేది గొంతు దగ్గరి వాపే అయినా, రోగం ఉన్నది రక్తంలో. ముక్కు ద్వారానో నోటి ద్వారానో ప్రవేశించిన బ్యాక్టీరియా ముందుగా టాన్సిల్స్‌లో వృద్ధి చెంది, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. దాని చుట్టూ ఉండే జిగురు వంటి తొడుగు వల్ల తెల్ల రక్తకణాలు దాన్ని సులభంగా మింగలేవు. దాని పైపొరలోని విషపదార్థమేమో రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. అలా నాళాల నుంచి ఊరిన ద్రవం దవడ కింద, మెడ చుట్టూ, రొమ్ము దాకా పేరుకుని, వేడిగా, గట్టిగా, ముట్టుకుంటే పశువు వెనక్కి జరిగేంత నొప్పిగా ఉండే వాపవుతుంది. వాపు గాలిగొట్టాన్ని నొక్కుతున్నకొద్దీ ఊపిరి ఆడక గురక మొదలవుతుంది. చనిపోయిన గేదె గుండె నుంచి తీసిన ఒక్క రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, లీష్‌మన్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎర్ర రక్తకణాల నడుమ కోలగా ఉన్న సన్నని కణాలు గుంపులుగా కనిపిస్తాయి. రెండు కొనలకూ రంగు ముదురుగా పట్టి, మధ్యభాగం వెలవెలబోయి, ఒక్కొక్కటీ మూసిన పిన్నీసులా ఉంటుంది.

రోగం రక్తమంతా వ్యాపించిన పశువుకు గొంతు మీద వాతలు పెట్టడం వల్ల దానికి నొప్పి పెరగడం తప్ప మరే ఫలితమూ ఉండదు. అంతకన్నా ప్రమాదకరమైనది, నాలుక పక్కకు లాగి గొట్టంతో కషాయమో నూనెనో పోయడం. గొంతు వాచిన పశువు సరిగా మింగలేదు. పోసిన ద్రవం నేరుగా గాలిగొట్టంలోకి జారి ఊపిరితిత్తులను చేరుతుంది. నాకు అందిన ఊపిరితిత్తుల ముక్కల్లో పసుపు రంగు, వాము వాసన స్పష్టంగా తెలిసిన సందర్భాలున్నాయి. ఆ రైతులు తమ పశువు మీద ప్రేమతోనే ఆ పని చేశారు గనుక, ఈ విషయం గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

నిజానికి వాపు రాకముందే మనకు కొంత సమయం దొరుకుతుంది. మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండే ఒంటి వేడి ఒక్కసారిగా 104 నుంచి 107 డిగ్రీలకు ఎగబాకుతుంది. పశువు నెమరు మానేస్తుంది, పాలు పడిపోతాయి, నోటి వెంట చొంగ, ముక్కు వెంట నీరు కారుతాయి. ఈ దశలోనే పశువైద్యుడు యాంటీబయాటిక్ ఇస్తే బతికే అవకాశం ఉంటుంది. వాపు, గురక మొదలైన తరువాత చాలా పశువులు ఒక్క రోజు కూడా నిలవవు. అందుకే పాడి ఉన్న ప్రతి ఇంట్లో ఒక థర్మామీటర్ ఉండాలనీ, వానాకాలంలో ఊళ్లో ఒక్క పశువుకు ఈ రోగం వచ్చినా మిగిలిన పశువులన్నింటికీ రెండు పూటలా జ్వరం చూడాలనీ నేను కోరుతుంటాను.

అపోహ: వాన నీళ్లు తాగడం వల్ల, కొత్త గడ్డి మేయడం వల్ల ఈ రోగం పుడుతుంది.

వానకూ ఈ రోగానికీ సంబంధం ఉందన్న రైతుల పరిశీలనలో తప్పు లేదు, కానీ బ్యాక్టీరియా వానతో రాదు, గడ్డిలో పుట్టదు. అది మన కొట్టంలోనే, ఆరోగ్యంగా కనిపించే కొన్ని పశువుల టాన్సిల్స్‌లో నెలల తరబడి నిశ్శబ్దంగా ఉంటుంది. శ్రీలంకలో కబేళాకు వచ్చిన ఆరోగ్యవంతమైన గేదెలను పరీక్షించిన పరిశోధకులు ఈ విషయాన్ని గుర్తించారు. ఎండాకాలమంతా మేత చాలక చిక్కిపోయిన పశువు, తొలకరిలో తడిసి, బురదలో నిలబడి, ఆ వెంటనే దుక్కికో సంతకో నడిచినప్పుడు దాని రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. అప్పటిదాకా అణగి ఉన్న బ్యాక్టీరియా పెరిగి, చొంగలోనూ ముక్కు నీటిలోనూ బయటపడుతుంది. ఎండలో ఎండిన నేల మీద అది త్వరగా నశిస్తుంది కానీ, ముసురు పట్టిన రోజుల్లో తడి నేల మీద, నీటి తొట్టిలో పక్క పశువును చేరేంతసేపు బతికి ఉంటుంది. వాన చేసే పని అదే.

వాతావరణం ఇంతటి పని చేయగలదా అని సందేహించేవారికి నేను కజకిస్తాన్ ఉదంతం చెబుతాను. 2015 మే నెలలో అక్కడి గడ్డి మైదానాల్లో సైగా అనే జింక జాతి జంతువులు మూడు వారాల వ్యవధిలో 2,00,000కు పైగా చనిపోయాయి. కారణం ఇదే బ్యాక్టీరియా, అందులోనూ దాని రకాల్లో మన గేదెలను చంపే బి రకం. మరణాలకు ముందు రోజుల్లో అక్కడ గాలిలో తేమ, వేడి అసాధారణంగా పెరిగాయనీ, జంతువుల ఒంట్లో ముందునుంచీ హాని చేయకుండా ఉన్న బ్యాక్టీరియాయే అప్పుడు ప్రాణాంతకంగా మారిందనీ పరిశోధకులు తేల్చారు. ఆ మైదానాల్లో టీకా వేసేవారు లేరు. మనకు ఆ వెసులుబాటు ఉంది.

అపోహ: టీకా వేసిన తరువాతే మా గేదె చనిపోయింది కాబట్టి టీకాయే దాన్ని చంపింది.

ఈ మాట చెప్పే రైతు అబద్ధం చెప్పడం లేదు. అతను చూసిన వరుస అదే. అయితే ఈ టీకాలో ఉండేది చంపిన బ్యాక్టీరియా. మన దేశంలో ఇందుకు పి52 అనే రకాన్ని వాడుతున్నారు. చంపిన బ్యాక్టీరియా ఒంట్లో పెరగదు, రోగం కలిగించదు. అయితే టీకా వేసిన తరువాత రక్షణ ఏర్పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఊళ్లో రెండు పశువులు చనిపోయాక హడావిడిగా టీకాలు వేయించినప్పుడు, అప్పటికే రోగం సోకి ఇంకా బయటపడని పశువు ఆ వారంలోనే చనిపోవచ్చు. అందుకే టీకా మే నెలలో, రోహిణి కార్తె ఎండలు ఉండగానే, ఆరు నెలలు దాటిన దూడలతో సహా ఊరంతటికీ ఒకేసారి వేయాలి. పటిక కలిపి తయారుచేసిన టీకా రక్షణ నాలుగు నుంచి ఆరు నెలలు, నూనె కలిపినదైతే దాదాపు ఏడాది నిలుస్తుంది. కాబట్టి నిరుడు వేయించామని ఊరుకోకూడదు. ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం రావడం, పాలు కాస్త తగ్గడం, సూది వేసిన చోట గడ్డ కట్టడం సహజం. ఒక్క గేదే ఉంది, కొట్టం దాటదు అనేవారు, దానికి తెచ్చే మేత, నీళ్లు, బేరగాడి వెంట వచ్చే కొత్త పశువు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒకసారి ఆలోచించాలి.

టీకా నిజంగా విఫలమయ్యే సందర్భాలూ ఉన్నాయి, వాటిని దాచడం సరికాదు. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. ఎండలో పెట్టినా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. చల్లగా ఉండాలన్న జాగ్రత్తతో సీసాను నేరుగా మంచు దిమ్మకు ఆనించి తీసుకువెళ్లడం నేను చాలాసార్లు చూశాను. అలా గడ్డకట్టిన టీకా కరిగాక చూడడానికి మామూలుగానే ఉండవచ్చు, దాన్ని వేసుకున్న పశువుకు మాత్రం పూర్తి రక్షణ అందదు.

అపోహ: దగ్గు, రొప్పు, ముక్కు కారడం అన్నీ ఒకే రోగం, అన్నింటికీ ఒకే ఇంజెక్షన్ చాలు.

పాశ్చురెల్లా మల్టోసిడాలోనే తొడుగును బట్టి వేర్వేరు రకాలున్నాయి. బి రకం గొంతువాపును కలిగిస్తే, ఎ రకం దూడల్లో న్యుమోనియాకు కారణమవుతుంది. గొంతువాపు టీకా ఆ న్యుమోనియాను ఆపదు. దూర ప్రయాణం చేసిన పశువుల్లో ఊపిరితిత్తులను దెబ్బతీసే మాన్‌హైమియా హీమోలిటికాను 1999 దాకా పాశ్చురెల్లాగానే లెక్కించేవారు. పశువులు, గొర్రెల వంటి నెమరువేసే జంతువుల తెల్ల రక్తకణాలనే ఎంచుకుని చంపే విషాన్ని అది తయారుచేస్తుంది. న్యుమోనియా కలిగించే మరో బ్యాక్టీరియా మైకోప్లాస్మా బోవిస్‌కు అసలు కణకవచమే లేదు గనుక, కణకవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ దాని మీద పనిచేయదు. కారణం తెలియకుండా దుకాణంలో ఇచ్చిన మందును ఒక రోజు పొడిచి, జ్వరం తగ్గగానే మానేస్తే, మందును తట్టుకునే బ్యాక్టీరియా మిగిలిపోతుంది. యాంటీబయాటిక్ వాడిన పశువు పాలను వైద్యుడు చెప్పినన్ని రోజులు కేంద్రంలో పోయకూడదు, ఇంట్లోనూ వాడకూడదు.

అపోహ: చచ్చిన గొడ్డుకు పరీక్ష ఎందుకు?

ఉన్న పశువుల కోసం. హఠాత్తుగా చనిపోయిన పశువు ముక్కు, నోరు, మలద్వారాల నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. దాన్ని కోయకూడదు, చర్మం ఒలవకూడదు, పశువైద్యుడు చెవి నరం నుంచి తీసే రక్తపు చుక్కే చాలు. దొమ్మ మనుషులకు సోకుతుంది. గొంతువాపు బ్యాక్టీరియా మనుషులకు సోకడం అరుదే అయినా, చనిపోయిన పశువు మాంసం తినకూడదు, కుక్కలకు వేయకూడదు, వాగులో పారేయకూడదు. లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాలి.

దొమ్మ కాదని తేలాక, గుండె రక్తాన్ని శుభ్రమైన సీసాలో మంచు మీద పంపితే సరిపోతుంది. కణజాలం కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే బ్యాక్టీరియా చనిపోతుంది, ప్రయోగశాలలో పెంచి చూడలేం. కళేబరం కుళ్లిపోయినా దారి మూసుకుపోదు. ఒక ఏడాది జూలైలో ఒక రైతు కాలి ఎముకను ఉప్పు సంచిలో చుట్టి, మూడు బస్సులు మారి తెచ్చాడు. గేదె చనిపోయి అప్పటికి మూడు రోజులు. పై మాంసం కుళ్లి కంపు కొడుతోంది. ఎముకను శుభ్రం చేసి, నిప్పుల్లో కాల్చిన రంపంతో పగలగొట్టి, లోపలి మూలుగను బ్లడ్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే, రక్తం కలిపిన జెల్లీ) మీద గీశాం. మరునాటికి బూడిద రంగు చుక్కల్లాంటి సముదాయాలు, చుట్టూ రక్తం కరగకుండా, నిండుగా పెరిగాయి. జన్యు పదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షలో బి రకమని తేలింది. ఆ సాయంత్రమే అక్కడి పశువైద్యునికి ఫోన్ చేశాం. ఆయన మరునాడు ఆ ఊళ్లో జ్వరం ఉన్న పశువులకు చికిత్స మొదలుపెట్టి, చుట్టుపక్కల ఊళ్లలో టీకాలు వేయించారు.