గాలిని మాత్రం చిన్నది చేయలేం

1932లో అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ నడిపిన జీ బీ ఆర్-1 రేసింగ్ విమానం ఫొటో చూస్తే, పీపాకి రెక్కలు తగిలించారా అనిపిస్తుంది. ముందు 800 హార్స్‌పవర్ ఇంజిన్, దాని వెనకే పొట్టి ఒళ్లు, దాదాపు తోక మొదట్లో పైలట్ సీటు. ఆ ఏడాది అది థాంప్సన్ ట్రోఫీ విమాన రేసు గెలిచింది, నేల మీంచి లేచే విమానాల్లో గంటకు 477 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డూ కొట్టింది. పాత రేసర్ విమానానికి రేడియో కంట్రోల్ నమూనా చేద్దామనుకునే ప్రతివాళ్ల కన్నూ ముందు దీనిమీదే పడుతుంది. మొదటి రేసర్‌గా మాత్రం వద్దంటాను, ఎందుకో కింద వస్తుంది.

దాన్ని పదో వంతుకి కుదించామనుకోండి. రెక్కల పొడవు 7.6 మీటర్ల నుంచి 76 సెంటీమీటర్లకు వస్తుంది. రెక్క వైశాల్యం వందో వంతు అవుతుంది, అదే లెక్కన బరువు వెయ్యో వంతు, అంటే 1,100 కిలోలు కాస్తా 1.1 కిలోలు. బాల్సా చెక్క, ఫోమ్, చిన్న బ్రష్‌లెస్ మోటార్, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెడితే 400 గ్రాముల్లోనే పని అయిపోతుంది కాబట్టి ఇక్కడిదాకా అంతా మనకు లాభమే.

చిక్కంతా గాలితోనే. విమానం చిన్నదైనా అది ఎగిరే గాలి అసలు విమానం చీల్చుకుపోయిన గాలే, దాని సాంద్రతా జిగటా అలాగే ఉంటాయి. ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో గొట్టాల్లో నీటి ప్రవాహం మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సంఖ్య ఒకటుంది, ప్రవాహంలో ఊపుదా జిగటదా పైచేయి అన్నది అది చెబుతుంది. వేగం తగ్గినా, రెక్క వెడల్పు తగ్గినా ఆ సంఖ్య తగ్గుతుంది. మన నమూనా గంటకు 120 కిలోమీటర్లతో పోతుందనుకుంటే వేగం నాలుగో వంతు, వెడల్పు పదో వంతు, రెండూ కలిపి రేనాల్డ్స్ సంఖ్య నలభై రెట్లు పడిపోయింది. అంత తక్కువలో రెక్క పైభాగాన్ని అంటుకుని పారాల్సిన గాలి పొర మధ్యలోనే ఊడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది, అది ఊడితే లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) తగ్గి డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) పెరుగుతుంది. అందుకే అసలు విమానం రెక్క మందాన్ని అచ్చుగుద్దినట్టు దించకూడదు. కాస్త పల్చటి రెక్క చేయాలి. బయటి ఆకారం నమ్మకంగా ఉంటే చాలు, రెక్క మందంలో నిజాయితీ ఎవరికీ కనబడదు.

రేసర్ల రెక్కలు చాలావరకు చివరికొచ్చేసరికి సన్నబడతాయి, అంటే చివర రేనాల్డ్స్ సంఖ్య ఇంకా తక్కువ. వేగం తగ్గినప్పుడు స్టాల్, అంటే గాలి పొర ఊడి లిఫ్ట్ కుప్పకూలడం, ముందు అక్కడే మొదలై, ఒక రెక్క ఠక్కున వాలిపోతుంది. దీనికి విరుగుడు, రెక్క చివర్ని కట్టేటప్పుడే వెనక అంచు కొద్దిగా పైకి లేచేలా రెండు డిగ్రీల మెలి పెట్టడం. దీన్నే వాషౌట్ అంటారు.

ఇక జీ బీ సంగతి. తోక రెక్కకి దగ్గరగా ఉంటే దానికి విమానాన్ని నిలబెట్టే బలం తక్కువ, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కొంచెం కదిపినా ముక్కు ఎగిరెగిరి పడుతుంది. దానికన్నా 1947లో మొదలైన గుడ్‌ఇయర్ విమాన రేసుల్లో ఎగిరిన విమానాలు ఎంచుకోండి. ఇంజిన్ 190 ఘనపు అంగుళాలు దాటకూడదు, రెక్క కనీసం 66 చదరపు అడుగులు ఉండాలి అన్న నియమాల వల్ల అవి మొదట్నుంచీ చిన్నవీ పొందికైనవీ. నమూనాలో తోకను ఓ పది శాతం పెంచినా చూసేవాళ్లకు తెలియదు. సీజీ (విమానం బరువు సమతూగే బిందువు) మాత్రం రెక్క సగటు వెడల్పులో ముందు నుంచి 25 శాతం దగ్గరే ఉండాలి, మొదటి ఫ్లయిట్‌కి అంతకంటే వెనక్కి జరపొద్దు. తోక వైపు దూరం ఎక్కువ కాబట్టి అక్కడ ఒక గ్రాము జిగురు ఎక్కువైతే ముక్కులో రెండు మూడు గ్రాములు మోయాల్సి వస్తుంది, అందుకే సర్వోలూ (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) బ్యాటరీ ముందుకే తోస్తారు.

వేగం కోసం పెద్ద మోటార్ పెడదామనిపిస్తుంది కదా! డ్రాగ్ వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని తట్టుకునే పవర్ ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల పవర్. ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక్క చుట్టుకి అది ఎంత ముందుకు పోవాలన్నది, చూడటం మేలు. 5 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లర్ నిమిషానికి 17,000 సార్లు తిరిగితే, జారుడు లెక్కలోకి తీసుకోకుండా, గంటకు 130 కిలోమీటర్లు ముందుకు పోవాలి. మూడు సెల్స్ లైపోతో మోటార్ సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, 850 మిల్లీఆంపియర్-అవర్ బ్యాటరీలో 80 శాతం వాడితే ఫుల్ థ్రాటిల్‌లో నాలుగు నిమిషాలు. టైమర్ పెట్టుకోవాల్సిందే.

పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్ నిలబడ్డ గాలిలో తనే స్టాల్‌లో ఉంటుంది, విమానం వేగం అందుకున్నాకే సరిగా లాగుతుంది. అందుకే చేత్తో విసిరేటప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇస్తే లాగుడు పెద్దగా పెరగదు గానీ టార్క్ (ప్రొపెల్లర్ తిరుగుడుకి ఎదురు మెలి) వల్ల విమానం ఎడమకి తిరగబడుతుంది. థ్రాటిల్ కొంచెం తగ్గించి గాలికి ఎదురుగా, ముక్కు పైకెత్తకుండా గట్టిగా విసరాలి. ఎత్తు కన్నా ముందు వేగం!

400 గ్రాముల బరువు, 1,000 చదరపు సెంటీమీటర్ల రెక్క ఉంటే నేరుగా ఎగిరేటప్పుడు స్టాల్ వేగం గంటకు 30 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వంచి తిప్పితే రెక్క రెట్టింపు బరువు మోస్తుంది, స్టాల్ వేగం 42కి చేరుతుంది. 75 డిగ్రీలకు అదే దాదాపు 60. లాండింగ్ ముందు వేగం తగ్గిపోయాక, రన్‌వే దాటిపోతున్నామన్న టెన్షన్‌లో వంచి స్టిక్ లాగితే జరిగేది ఇదే. ఆ చివరి మలుపు వెడల్పుగా, పది పదిహేను మీటర్ల ఎత్తులో, కాస్త పవర్ ఉంచుకుని తిప్పండి, తిన్నగా వచ్చాకే థ్రాటిల్ కట్ చేయండి.