క్లోమం ఆపరేషన్: రంధ్రం చాలా, నిలువు కోత కావాలా?

పిత్తాశయంలో రాళ్లకు పొట్ట నిలువునా కోయించుకునే రోజులు పోయాయి. నాలుగు చిన్న రంధ్రాలు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె ఇలా రంధ్రాల్లోంచి పిత్తాశయాన్ని తీసినప్పుడు తోటి సర్జన్లు వెక్కిరించారు. పదేళ్లు తిరక్కుండానే అందరూ అదే దారి పట్టారు. మరి దాని పొరుగునే ఉన్న క్లోమానికి ఇంకా చాలాచోట్ల పెద్ద కోతే ఎందుకు? రోగి బంధువులు అడిగే ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే నెదర్లాండ్స్‌కు చేరతాం. అక్కడ మళ్లీ మళ్లీ ఎదురయ్యే పేరు ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ మార్క్ బెసెలింక్‌ది.

ముందు అవయవం సంగతి. క్లోమం జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు దగ్గరగా అడ్డంగా పడుకుని ఉంటుంది. మెత్తటిది, కుట్టు వేస్తే దారం కోసుకుపోయేంత మెత్తన. మనం తిన్న మాంసాన్ని అరిగించే రసం అందులోదే. ఆ రసం కుట్ల సందుల్లోంచి కారితే పక్కనున్న రక్తనాళాలను కూడా వదలదు. ఇక్కడ కోత పొడవు చిన్న విషయం, లోపల అతుకు నిలవడమే అసలు పరీక్ష.

బెసెలింక్ పరిశోధన మొదలైంది కోతతో కాదు, మందు పొడితో. ఉట్రెక్ట్‌లో ప్రొఫెసర్ హైన్ గూసెన్ బృందంలో ఉన్నప్పుడు ఆయన చేపట్టిన ప్రయోగం ‘ప్రోపేట్రియా’. తీవ్రమైన పాంక్రియాటైటిస్‌లో (క్లోమం వాపు) పేగుల్లోని క్రిములు క్లోమానికి పాకి చీము పట్టిస్తాయి కదా, ముందే మంచి బ్యాక్టీరియాను, అంటే ప్రోబయాటిక్‌ను, పేగులోకి పంపితే ఆగుతాయేమో అన్నది ఆలోచన. వినడానికి ఎంత బాగుంది! 15 ఆస్పత్రుల్లో చేసి చూశారు. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క చూస్తే, ప్రోబయాటిక్ ఇచ్చిన 152 మందిలో 24 మంది చనిపోయారు, ఉత్తుత్తి మందు ఇచ్చిన 144 మందిలో 9 మంది. ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లలో తొమ్మిది మందికి పేగులకు రక్తం అందకుండా పోయింది, రెండో వైపు ఒక్కరికీ లేదు. ప్రయోగం నడిపిన తీరుపై నెదర్లాండ్స్‌లో అధికారిక విచారణ జరిగింది, విమర్శలూ వచ్చాయి. ‘పెరుగులాంటిదే, హాని ఏముంటుంది’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ అంకెలే గుర్తొస్తాయి.

అదే బృందం నుంచి 2010లో వచ్చిన ‘పాంటర్’ ఫలితం మాత్రం ప్రపంచమంతటా వైద్యం తీరునే మార్చింది. అంతవరకూ క్లోమం కుళ్లి చీము పడితే పొట్ట తెరిచి కుళ్లినదంతా తోడేయడమే పద్ధతి. వీళ్లు ముందు చర్మంలోంచి ఒక గొట్టం పెట్టి చీము బయటికి పోనిచ్చారు. తగ్గకపోతేనే చిన్న కోతతో లోపలికి వెళ్లారు. 88 మందిపై పోల్చి చూస్తే పెద్ద ఆపరేషన్ వైపు 69 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులో మరణమో, మెట్టుమెట్టుగా వెళ్లిన వైపు 40 శాతానికి. విడిగా మరణాల్లో పెద్ద తేడా లేదు. కానీ ఈ రెండో వైపు 35 శాతం మందికి గొట్టంతోనే సరిపోయింది, కత్తి అవసరమే రాలేదు. 2018లో వచ్చిన ‘టెన్షన్’ ప్రయోగంలో అదే పనిని నోటి ద్వారా ఎండోస్కోపుతో చేశారు. మరణాలు, పెద్ద ఇబ్బందులు తగ్గలేదు గానీ క్లోమ రసం కారడం 32 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది. హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి బృందం వల్ల మన పాఠకులకు ఈ ఎండోస్కోపు దారి కొత్తేమీ కాదు.

(పాంటర్, పైథాన్, లెపర్డ్... ఈ ప్రయోగాల పేర్లు వరసగా చదివితే జూపార్కుకు వెళ్లినట్టుంటుంది.)

ఇక గడ్డల కోసం చేసే ఆపరేషన్లు. క్లోమం తోక భాగాన్ని తీసేయడం కాస్త తేలిక, ఎందుకంటే తిరిగి అతికించాల్సింది ఏమీ ఉండదు. ‘లెపర్డ్’ ప్రయోగంలో రంధ్రాల పద్ధతిలో చేయించుకున్నవాళ్లు నాలుగు రోజుల్లో కోలుకున్నారు, పెద్ద కోతవాళ్లకు ఆరు రోజులు పట్టింది.

తల భాగం అలా కాదు. 1935లో అమెరికన్ సర్జన్ అలెన్ విపుల్ ప్రచురించిన ఆపరేషన్ ఇప్పటి రూపంలో క్లోమం తలతోపాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి, మిగిలిన క్లోమం, పిత్తనాళం, జీర్ణాశయం మూడింటినీ పేగుకు అతకాలి. 1994లో గానియే, పాంప్ దీన్నే రంధ్రాల పద్ధతిలో, అంటే లాపరోస్కోపుతో చేసి చూపారు. సాధ్యమేనని తేలింది. మేలా అన్నది తేలలేదు.

అది తేల్చడానికి పెట్టిందే ‘లెపర్డ్-2’. శిక్షణ పొందిన సర్జన్లు, అనుభవమున్న నాలుగు కేంద్రాలు. అయినా మధ్యలోనే ఆపేశారు. లాపరోస్కోపు వైపు 50 మందిలో ఐదుగురు ఆపరేషన్ చిక్కులతో 90 రోజుల్లోపే చనిపోయారు, పెద్ద కోత వైపు 49 మందిలో ఒకరు. ఇంత చిన్న అంకెల్లో తేడా కాకతాళీయమూ కావచ్చు, గణాంకాలూ అదే అన్నాయి. కానీ కోలుకోవడం కూడా త్వరగా కాలేదు, 8 రోజులకు బదులు 10 పట్టింది. లాభం కనబడని చోట ఐదు మరణాలను అదృష్టం మీదికి నెట్టకుండా ప్రయోగం ఆపి, 2019లో ఉన్నదున్నట్టు ప్రచురించారు. ఈ పద్ధతిని ముందుకు తీసుకెళ్లాలనుకున్నవాళ్లే ఆ పని చేయడం నాకు బెసెలింక్ కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద విషయంగా తోస్తుంది.

విచిత్రమేమిటంటే, అంతకు రెండేళ్ల ముందు, 2017లో, కోయంబత్తూరు నుంచి దీనికి తిరగబడ్డ ఫలితం వచ్చింది. డాక్టర్ పళనివేలు బృందం జెమ్ ఆస్పత్రిలో 64 మందిపై చేసిన ‘ప్లాట్’లో లాపరోస్కోపు వాళ్లు 7 రోజుల్లో, పెద్ద కోతవాళ్లు 13 రోజుల్లో ఇంటికి వెళ్లారు. ఆపరేషన్ అదే. కాకపోతే ఒకటే ఆస్పత్రి, దశాబ్దాలుగా అదే పనిలో ఆరితేరిన చేతులు. 2021లో చైనా నుంచి వచ్చిన పెద్ద ప్రయోగంలో ఒక్కో సర్జన్‌కూ అప్పటికే ఇలాంటివి కనీసం 104 చేసిన అనుభవం ఉండాలని నియమం పెట్టుకున్నారు. అక్కడ మరణాలు రెండు వైపులా సమానం. కానీ లాభం? ఆస్పత్రిలో 16 రోజులకు బదులు 15.

లెపర్డ్-2 తర్వాత నెదర్లాండ్స్ సర్జన్లు క్లోమం తల ఆపరేషన్‌కు లాపరోస్కోపును దాదాపు పక్కనపెట్టి రోబోవైపు మళ్లారు. ఈసారి దేశమంతటికీ ఉమ్మడి శిక్షణ పెట్టుకున్నారు, కృత్రిమ అవయవాల మీద కుట్లు వేయడం నేర్చుకున్నాకే రోగి దగ్గరికి వెళ్లాలని.