చదివిన నవలే మళ్లీ ఎందుకు సారూ? వెనక గదిలో విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఒక మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం చూసుకుంటాను. పేరుకు లైబ్రేరియన్‌ని. పొద్దున తాళం తీసేది, పేపర్లు పరిచేది, నీళ్ల క్యాన్ తెప్పించేది, ఫ్యాన్ కింద కుర్చీ కోసం పిల్లల మధ్య వచ్చే పంచాయితీ తెంపేది కూడా నేనే. నోటిఫికేషన్ పడిందంటే హాలంతా గ్రూప్స్, డీఎస్సీ పిల్లలే. వాళ్లకు చోటు కావాలని నవలల బీరువాలు ఒక్కొక్కటే వెనక గదిలోకి జరిగాయి. ఆ గదికి ఉన్నది ఒకటే బల్బు.

ఆ గదిలోకి వచ్చేవాళ్లు తక్కువ. రాకపోవడానికి చెప్పే కారణాలు మాత్రం రోజూ వింటాను. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ చెప్పినవే.

అపోహ: చదివిన నవల మళ్లీ చదవడం టైం వేస్ట్

బస్టాండు దగ్గర బ్లౌజులు కుట్టే అక్క ఒకరు ఉన్నారు. యాభై దాటాయి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' రెండేళ్లకోసారి తీసుకుపోతారు. అందులో హీరో రాజశేఖరం, అతని దగ్గర సెక్రటరీగా కొలువు చేసేది జయంతి. మా దగ్గరున్న కాపీకి వెనక అట్ట లోపల తేదీల చీటీ అతికించి ఉంటుంది. దాని మీద ముద్రలు చూస్తే ఆమె కార్డు నంబరే ఐదుసార్లు ఉంది. మధ్యలో ఒకసారి సిరా అయిపోయి తేదీని నేనే పెన్నుతో రాశాను. "అక్కా, కథ నీకు నోటికొస్తది గదా, కొత్తది ఇస్తా తీస్కపో" అన్నాను ఒకసారి.

"అప్పుడు పెండ్లి గాకముందు రాజశేఖరం కారు చూసిన సారూ. ఇప్పుడు జయంతి కొలువు చూస్తున్న. జీతం కోసం నలుగురితోని మాట పడ్తది చూడు, గది అప్పుడు నా కంటికి ఆనలే."

లైబ్రరీ సైన్స్ కోర్సులో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఆ నవల సినిమాగా వచ్చింది 1976లో. సినిమాలో జయంతి ఎప్పటికీ వాణిశ్రీయే. పుస్తకంలో జయంతి మాత్రం చదివే మనిషితో పాటు వయసు తెచ్చుకుంటుంది.

నా సంగతే చెప్తాను. వట్టికోట ఆళ్వారుస్వామి మన జిల్లా మనిషి, నకిరేకల్ దగ్గరి వారు. ఆయన 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. డిగ్రీలో ఉన్నప్పుడు పోరాట నవల అని ఎవరో చెబితే తెచ్చుకున్నాను. దళాలు ఎప్పుడొస్తాయా, తుపాకులు ఎప్పుడు పేలతాయా అని పేజీలు తిప్పాను. రాలేదు, పేలలేదు. అది సాయుధ పోరాటానికి ముందు కాలం కథ, జరిగేది కూడా నల్గొండలో కాదు, నిజామాబాద్ వైపు ఊళ్లో. సప్పగా ఉందని తిరిగి ఇచ్చేశాను. నలభై దాటాక, బీరువా సర్దుతుంటే చేతికి తగిలి నిలబడే కొంత చదివాను, తర్వాత కూర్చున్నాను. ఈసారి దొర ముందు మనుషులు మాట ఎట్లా మింగుతారో కనబడింది. అప్పటికి నేను పదిహేనేళ్లు ఆఫీసర్ల ముందు నిలబడి ఉన్నాను మరి.

మొదటిసారి చదివేటప్పుడు 'తర్వాత ఏమైంది' అన్నదే మనల్ని గుంజుకుపోతుంది. ఎవరు ఎవరిని పెళ్లాడతారో తెలిసిపోయాక కళ్లు నెమ్మదిస్తాయి. పక్కన నిలబడ్డ పనిమనిషి, వంటింట్లో గొణిగిన అత్త, వాన పడ్డ రోజు అన్నీ అప్పుడే కనబడతాయి.

అన్ని పుస్తకాలకూ ఇది వర్తించదు, నిజం చెప్పాలి. ఇంటర్లో నేను చొక్కా కింద దాచుకుని చదివిన ఒక డిటెక్టివ్ సిరీస్‌ను పోయినేడు మళ్లీ పట్టుకున్నాను. ఇరవై పేజీలు దాటలేకపోయాను. హంతకుడు గుర్తున్నాడు, అంతకుమించి అందులో ఏమీ లేదు. కాస్త దిగులేసింది.

అపోహ: పాత నవలలన్నీ గ్రాంథికం, మనకు అర్థం కావు

సగం నిజం. కందుకూరి 'రాజశేఖర చరిత్రము' 1878లో పత్రికలో మొదలైంది, దాన్ని ఇవాళ్టి పిల్లలు చదవాలంటే పళ్ల కింద రాళ్లే. కానీ 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'కి వచ్చేసరికే మనుషులు మనుషుల్లా మాట్లాడుకుంటున్నారు. ఆ తర్వాతి నవలల్లో భాష అడ్డం రావడం అరుదు.

మా దగ్గర పిల్లలు తట్టుకుని పడేది వ్యాకరణం దగ్గర కాదు, మాటల దగ్గర. గిర్దావర్, అమీను, మాలీ పటేలు, వెట్టి, నాగు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తీసుకుపోయిన గ్రూప్-2 అమ్మాయి ఒకామె మూడో రోజుకే వచ్చింది. మొఘలుల మన్సబ్‌దారీ గురించి గడగడ చెప్తుంది, మాలీ పటేలు ఎవరో తెలియదు. పేపరు చదువుతున్న ఒక ముసలాయనను చూపించి "తాతను అడుగు బిడ్డా" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, శిస్తు వసూలు చేసేది మాలీ పటేలు, ఊరి మంచిచెడ్డలు చూసేది పోలీసు పటేలు, లెక్కలు రాసేది పట్వారి అని మొదలుపెట్టి నాగు దాకా వచ్చాడు. "ఒక పుట్టి వడ్లు నాగు తెస్తే కల్లంకాడ పుట్టిన్నర కొలిచి పొయ్యాలె. మా నాయిన పోసిండు." ఆ అమ్మాయి నోట్సు పుస్తకం తీసి రాసుకుంది. పరీక్షలో వస్తుందనుకుందో ఏమో.

కాబట్టి ఒక మాట తెలియకపోతే నిఘంటువు వెతకకండి. ఇంట్లో డెబ్బై దాటిన వాళ్లుంటే వాళ్లను అడగండి.

అపోహ: వీక్లీ నవలలు చదివేవాళ్లు పాఠకులే కాదు

ఇది చదువుకున్న వాళ్లు చెప్పే అపోహ. అందుకే నాకు ఎక్కువ కోపం.

వెనక గదిలో, యాక్సెషన్ రిజిస్టరులో (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్ని నంబరు వేసి రాసే పుస్తకం) లేని పుస్తకం ఒకటి ఉంది. ఒక రిటైర్డ్ టీచరు గారి ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ల కోడలు బస్తాలో తెచ్చి ఇచ్చింది. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ను వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి బైండు చేసినది. పైన అట్ట మీద వెంకటేశ్వరస్వామి. లోపల ప్రతి భాగం చివర 'సశేషం'. ఒక పేజీ వెనక తలనూనె ప్రకటన, ఇంకో పేజీ వెనక సగం తెగిన వంకాయ కూర వంటకం. మధ్యలో రెండు వారాలు దొరకలేదు. అక్కడ రూళ్ల కాగితం పెట్టి, "పక్కింటి శారద చెప్పినది" అని పైన రాసి, ఆ రెండు వారాల కథను గుండ్రటి అక్షరాలతో పేజీన్నరలో రాసి పెట్టుకున్నారు టీచరమ్మ. చివరి వాక్యం కింద గీత కూడా గీశారు.

ఆ పేజీన్నర చూశాక, ఇది 'కాలక్షేపం చదువు' అని తీసిపారేయడం నాకు చేతకాలేదు. ఇంత పట్టుదలతో చదివినవాళ్లు మా హాల్లో ఎందరున్నారు? యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో పుస్తకం చేతికి రాని ఊళ్లలోకి కూడా ఆ కథ పోయింది. నవల చదివే అలవాటు చాలా ఇళ్లలో ఆ చింపిన పేజీలతోనే పడింది. అవి చదివిన వాళ్లలో కొందరు అక్కడే ఆగిపోయారు, కొందరు చలం దాకా, బుచ్చిబాబు దాకా పోయారు. ఇద్దరికీ కార్డు ఇవ్వడం నా పని.

అదే కాలంలో ఊరూరా అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. డిపాజిట్ కట్టి, రోజుకు పావలానో అర్ధో ఇచ్చి తెచ్చుకునేది. ఆలస్యమైతే అద్దె పెరుగుతుందని రాత్రికి రాత్రే చదివేసేవాళ్లం. అంత తొందరగా మింగిన వాటికి రుచి ఏం తెలుస్తుంది? వాటినే ఇప్పుడు తీరుబాటుగా చదవమని వచ్చినవాళ్లకు చెబుతుంటాను.

అపోహ: మన దిక్కు నవలలు, లైబ్రరీలు ఎప్పుడున్నయి?

ఈ మాట మన వాళ్లే అనడం విడ్డూరం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది. దానికి పూనుకున్న వాళ్లలో ఒకరైన రావిచెట్టు రంగారావుది నల్గొండ జిల్లా. నల్గొండ నుంచి 1922లో 'నీలగిరి' పత్రిక వచ్చింది. పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మారు. పాఠకుడు షాపుకు రాకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి పోవాలని ఆయనకు అప్పుడే తెలుసు. ఇది నాకు తెలిసిరావడానికి ఇరవై ఏళ్లు పట్టింది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

అపోహ: ఇప్పుడు మంచి నవలలు ఎవరు రాస్తున్నారు?

వస్తున్నాయి. మీ కంటబడటం లేదు. వారపత్రికలు చాలావరకు పోయాక సీరియల్ కూడా చాలావరకు పోయింది. కొత్త నవల వచ్చిందని ఇంటికి కబురు చేసే దారి అదొక్కటే ఉండేది. ఇప్పుడు చాలా నవలలు కొన్ని వందల కాపీలే అచ్చవుతాయి. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోయినవాళ్లకు దొరుకుతాయి, మిర్యాలగూడ బస్టాండులో దొరకవు.

నేను చదివి, ఇతరులకు ఇచ్చి, తిట్లు తినని కొన్ని పేర్లు చెప్తాను. బండి నారాయణస్వామి 'శప్తభూమి', రాయలసీమ చరిత్ర మీద. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం', గొర్రెలు తోలుకుని అడవికి పోయిన కాపరుల కథ. 2021లో సినిమా వచ్చింది గానీ పుస్తకంలో ఉన్న అడవి సినిమాలో పట్టలేదు. మా దగ్గర గొల్ల కుటుంబాల పిల్లలు దీన్ని తీసుకుపోతే మేకపిల్ల పేర్ల దగ్గర నుంచి తప్పులు వెతుకుతారు, అదొక సరదా. పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి', ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం కథ. చిన్న పుస్తకం, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టదు.

లైబ్రరీకి కొత్త పుస్తకాలు రావు అనేది వేరే ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది. కొనుగోలు పైనుంచి జరుగుతుంది, మేం అడిగినవి రావు, అడగనివి పది కాపీలు వస్తాయి. ఒకసారి నేను నలభై నవలల జాబితా పంపితే ఆరు నెలలకు నాలుగు పెట్టెలు దిగాయి. మూడింట్లో వ్యక్తిత్వ వికాసం. అయినా 'ఫ్రీ లైబ్రరీ, ఏం అడుగుతాం' అని ఊరుకోకండి. ఫ్రీ కాదు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది, రసీదు తీసి చూడండి. సూచనల పుస్తకంలో నవల పేరు రాసి సంతకం పెట్టండి. ఒకే పేరు పది సంతకాలతో ఉంటే పైకి పంపడానికి నాకు బలం.

చిన్నవి కొన్ని, గబగబా

మొదలుపెట్టిన నవల పూర్తి చేయాలని రూలేమీ లేదు. యాభై పేజీలు మర్యాద ఇవ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం. మూసేసిన పుస్తకం మూడేళ్లకు మళ్లీ పిలిస్తే అప్పుడు పోవచ్చు.

ఫోన్‌లో చదివితే చదివినట్టు కాదంటారు. కళ్లు నొప్పి పెడతాయి, అంతవరకే. అచ్చులో లేని పాత తెలుగు నవలలు ఎన్నో స్కాన్ కాపీలుగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. దొంగతనమేమో అని భయపడేవాళ్లకు: మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్లు కాపీరైట్. ఆళ్వారుస్వామి 1961లో పోయారు. అంటే 2022 నుంచి 'ప్రజల మనిషి' అందరిదీ.

పాత పుస్తకానికి సెల్లోటేప్ మాత్రం అతికించకండి, దండం పెడతాను. కొన్నేళ్లకు జిగురు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మరక మిగులుతుంది, టేపు ఊడిపోతుంది. మైదా జిగురు, పల్చటి కాగితం చాలు. జిగురులో కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు ముట్టదు, చిన్న పిల్లలున్న ఇంట్లో అది వద్దు.

అపోహ: జనం చదవడం మానేశారు

పైన దాచిన సంగతి ఇదే. నేనూ ఇరవై ఏళ్లు ఇదే అన్నాను, మీటింగుల్లో కూడా అన్నాను. పోయిన వానాకాలం వెనక గది కురిసింది. తడవకుండా ఉండాలని ఒక ముప్పై నవలలు తెచ్చి హాల్లో నీళ్ల క్యాన్ పక్కనున్న బెంచీ మీద పేర్చాను, పాతవీ కొత్తవీ కలిపే. కప్పు బాగుచేశాక మళ్లీ లోపల పెడదామనుకున్నాను.

నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లు గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో అట్ట తిప్పడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి బెంచీ సగం ఖాళీ. పేపరు కోసం తప్ప ఎన్నడూ రాని కండక్టరు, నాట్లు అయిపోయి ఖాళీగా ఉన్న రైతులు ఇద్దరు, ఇంట్లో వాళ్లమ్మకు కావాలని ఒక డీఎస్సీ పిల్లగాడు. బీరువాలో, ఒక్క బల్బు కింద, తెలుగు సాహిత్యానికి లైబ్రరీల్లో వేసే 894.827 అనే నంబరు వేసి పెట్టినన్నాళ్లూ వీళ్లెవరూ అడగలేదు. వాళ్లు చదవడం మానలేదు. పుస్తకం వాళ్ల చేతి దూరంలో లేకుండా చేసింది నేను.

కప్పు బాగుపడింది. బెంచీ మాత్రం అక్కడే ఉంచాను. ప్రతి సోమవారం పుస్తకాలు మారుస్తాను. ఈ వారం పెట్టడానికి 'శప్తభూమి' కోసం చూస్తే లేదు, గడువు దాటి పన్నెండు రోజులు. తీసుకుపోయిన రైసు మిల్లు గుమాస్తాకు ఫోన్ చేశాను.

"నాదైపోయింది సారూ. మా ఇంటామె చదువుతున్నది. సగంల ఉన్నప్పుడు గుంజుకుంటె నాకు రేపు అన్నం వెట్టది. ఫైను ఎంతైతే అంత రాసుకో" అన్నాడు.