తుపాకీ పట్టినవాడికి కొండమీది ప్రసంగం వర్తించదా? అపోహలు - వాస్తవాలు

మా సంఘం సికింద్రాబాద్ కంటోన్మెంటుని ఆనుకుని ఉంటుంది. ఆదివారం ఆరాధనకి వచ్చేవాళ్లలో రిటైరైన హవల్దార్లు, సుబేదార్లు ఉంటారు. సెలవు మీద వచ్చిన జవాన్లు, రిక్రూట్‌మెంట్ ర్యాలీ కోసం తెల్లవారుజామున పరుగు తీసే కుర్రాళ్లు, ఆ కుర్రాళ్ల అమ్మలు కూడా ఉంటారు. వీళ్లంతా నన్ను అడిగేది చివరికి ఒకటే: "అయ్యగారూ, యేసయ్య కొండమీది ప్రసంగంలో శత్రువుని ప్రేమించమన్నాడు కదా, మరి మావాడు బోర్డరులో ఏం చెయ్యాలి?" 2025 మే నెలలో, పహల్గాం దాడి తర్వాత పాకిస్థాన్‌తో కాల్పులు జరిగిన ఆ నాలుగు రోజులూ నా ఫోను మోగుతూనే ఉంది. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. కొడుకు లేహ్‌లోనో జమ్మూలోనో ఉంటే తల్లికి నిద్ర ఎలా పడుతుంది? కోపమల్లా ఆ తల్లికి అర్ధరాత్రి ఫార్వర్డులు పంపేవాళ్ల మీద. ఒక దాంట్లో సైన్యంలో చేరిన క్రైస్తవుడు నరకానికి పోతాడని ఉంటుంది. ఇంకో దాంట్లో క్రైస్తవుడికి దేశభక్తే ఉండదని ఉంటుంది. రెండూ రాసినవాళ్లు బైబిల్ తెరిచి చూడలేదు.

అపోహ: బాప్తిస్మం తీసుకున్నవాడు సైన్యంలో ఉండకూడదు.

సైనికులు వచ్చి "మేమేం చెయ్యాలి" అని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానెయ్యమనలేదు. ఎవరినీ బాధపెట్టొద్దు, అబద్ధపు నిందలు వెయ్యొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు (లూకా 3). కపెర్నహూములో ఉన్న శతాధిపతి, అంటే వందమంది మీద రోమా సైనికాధికారి, అతని విశ్వాసాన్ని ప్రభువే మెచ్చుకున్నాడు. ఇంకో శతాధిపతి కొర్నేలీ ఇంట్లో అపొస్తలుడు పేతురు కొన్నాళ్లు ఉన్నాడు. ఆ ఇంట్లో కత్తి ఉందని గుమ్మం బయటే ఆగిపోలేదు. అయితే ఎదుటి పక్షానికీ బలం ఉంది, అది దాచకూడదు. టెర్టుల్లియన్ లాంటి తొలి శతాబ్దాల బోధకులు సైనిక సేవని గట్టిగా వ్యతిరేకించారు. 295లో ఉత్తర ఆఫ్రికాలో మాక్సిమిలియన్ అనే యువకుడు సైన్యంలో చేరనన్నందుకు తల పోగొట్టుకున్నాడు. సంఘంలో ఇది అంత పాత చర్చ. ఒక ఫార్వర్డుతో తేలదు.

అపోహ: యుద్ధంలో శత్రువుని ప్రేమించమన్న ఆజ్ఞకి సెలవు. శత్రువుని ద్వేషించకపోతే పోరాడలేం.

నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది దీని గురించే. మొదటి అపోహ వల్ల కుర్రాళ్లు ఒక ఉద్యోగాన్ని వదులుకుంటారేమో. దీనివల్ల మనిషి లోపల్లోపలే పాడైపోతాడు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. 1999లో కార్గిల్ వైపు పోరాడినవాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రసంగం అవ్వగానే లేచి వెళ్లిపోయేవాడు. సంస్కారానికి, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, ఉండేవాడు కాదు. భార్య అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పేవాడు. ఒకసారి వాళ్లింట్లో ప్రార్థన అయ్యాక నన్ను బస్టాపు దాకా దిగబెడతానని వచ్చి దారిలో చెప్పాడు: "కాల్చినందుకు కాదయ్యగారూ. అది నా డ్యూటీ. వాడు పడిపోయాక దగ్గరికెళ్లి బూతులు తిట్టాను. ప్రాణం ఇంకా పోలేదు, వింటున్నాడు."

ఆయన ఇది అంతకుముందు ఇద్దరికి చెప్పుకున్నాడట. ఒకరు భుజం తట్టి, "దేశం కోసం చేశావు, ఇందులో పాపమేముంది, మర్చిపో" అన్నారు. ఇంకొకరు ఒక ఉపవాస కూటంలో ఆరో ఆజ్ఞ ఎత్తి, నరహత్య చేసినవాడివి అన్నారు. మొదటాయన మాట ప్రకారం ఒప్పుకోవడానికి ఏమీ లేదు. రెండో ఆయన మాట ప్రకారం ఒప్పుకున్నా లాభం లేదు. ఇద్దరి మధ్యా ఆయన పాతికేళ్లు నలిగిపోయాడు. ఆయన్ని కాల్చుకు తిన్నది ద్వేషం. ఆ తిట్టు. అది తప్పని ఆయన మనస్సాక్షికి తెలుసు, ఎందుకంటే కొండమీది ప్రసంగం ఆయన సండే స్కూల్లో నేర్చుకున్నదే. ఆ ఆజ్ఞ ఆయనతో పాటు కొండ ఎక్కింది. సెలవు తీసుకోలేదు.

ఐదో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీను ఈ మాటే చెప్పాడు. యుద్ధంలో అసలు చెడు ఏదంటే, ఎప్పటికైనా చనిపోవాల్సిన మనుషులు చనిపోవడం కాదు. హింస మీద మోజు, పగతో కూడిన క్రూరత్వం, చల్లారని వైరం అన్నాడు. ఆఫ్రికాలో రోమా సేనాధిపతిగా ఉన్న బోనిఫేస్‌కి దాదాపు 418లో రాసిన ఉత్తరంలో, యుద్ధం అవసరం కొద్దీ మాత్రమే చెయ్యి, యుద్ధంలో కూడా సమాధానపరచేవాడిగా ఉండు, ఓడినవాడికి, పట్టుబడ్డవాడికి కనికరం చూపు అని చెప్పాడు. అదే అగస్టీను, ఒక మనిషి కేవలం తన ప్రాణం కాపాడుకోవడానికి ఎదుటివాడిని చంపడాన్ని ఒప్పుకోలేదు. రెండో చెంప తిప్పడం నా చెంప విషయం. పక్కవాడి చెంప మీద దెబ్బ పడుతుంటే చూస్తూ ఊరుకోమని ప్రభువు నాకు చెప్పలేదు. ఆపగలిగి కూడా తోటివాడికి జరిగే అన్యాయాన్ని ఆపనివాడు, ఆ అన్యాయం చేసినవాడంత దోషి అని అగస్టీను గురువు, మిలాన్ బిషప్ అంబ్రోస్ రాశాడు.

ఆ అంబ్రోసే 390లో ఇంకో పని చేశాడు. థెస్సలొనీకలో జనం ఒక సైనికాధికారిని చంపారని రోమా చక్రవర్తి థియోడోసియస్ ఆ ఊరి మీదికి సైన్యాన్ని వదిలాడు. వేలమంది చచ్చిపోయారు. చక్రవర్తి క్రైస్తవుడే. అయినా బహిరంగంగా పశ్చాత్తాపపడేదాకా అంబ్రోస్ అతనికి సంస్కారం ఇవ్వలేదు. యుద్ధంలో, రాజ్యం నడపడంలో ఆజ్ఞ వర్తించదనుకుంటే అంబ్రోస్‌కి ఆ పనితో ఏం సంబంధం?

"ప్రేమించు అంటే ఎలా అయ్యగారూ, ఎదురుగా కాలుస్తుంటే?" అని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రేమ అనగానే ఛాతీలో పొంగే భావం అనుకుంటున్నారు. యుద్ధభూమిలో దానికి చేతులు, కాళ్లు ఉంటాయి. చేతులెత్తినవాడిని కాల్చకపోవడం, గాయపడినవాడికి కట్టు కట్టడం, బందీకి నీళ్లివ్వడం, చచ్చినవాడిని మనిషిలా పాతిపెట్టడం. ఎలీషా ప్రవక్త చేతికి సిరియనుల దండు చిక్కితే ఇశ్రాయేలు రాజు చంపెయ్యనా అని అడిగాడు. ఎలీషా వాళ్లకి భోజనం పెట్టించి పంపించాడు (రెండవ రాజులు 6). 1949 జెనీవా ఒప్పందాలు ఇవే పనులని చట్టం చేశాయి. మన దేశం 1960లో దానికి సొంత చట్టం కూడా తెచ్చింది. కాబట్టి శత్రువు పట్ల కనికరం చూపే జవాను ఆర్మీకి ఎదురెళ్లడం లేదు, ఆర్మీ నియమాన్నే పాటిస్తున్నాడు.

కార్గిల్లో పాకిస్థాన్ మొదట తన సైనికుల మృతదేహాలని తీసుకోనంది. మన సైన్యం వాళ్లని ఇస్లాం పద్ధతిలో ప్రార్థనలతో ఖననం చేసింది. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన పాకిస్థాన్ అధికారి కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అనేది హోదా కాదు, అతని పేరే) జేబులో, ఇతను ధైర్యంగా పోరాడాడని మన బ్రిగేడ్ కమాండరే చీటీ రాసి పెట్టి పంపాడు. పాకిస్థాన్ తర్వాత అతనికి తమ అత్యున్నత పతకం ఇచ్చింది. అతనితో పోరాడి గెలిచినవాళ్లే ఆ చీటీ రాశారు. ద్వేషం లేకపోతే పోరాడలేమనేవాళ్లు దీనికి ఏం జవాబు చెప్తారో నాకు చెప్పండి.

అపోహ: చంపిన చేతులు ప్రభువు బల్లకి పనికిరావు.

పైదాని కవల ఇది. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్, యుద్ధంలో చంపడాన్ని మన పితరులు నరహత్యగా లెక్కించలేదని స్పష్టంగా రాశాడు. ఆ వెంటనే, వాళ్ల చేతులకి రక్తం అంటింది కాబట్టి మూడేళ్లు సంస్కారానికి దూరంగా ఉంటే మంచిదేమో అని సలహా ఇచ్చాడు. 1066లో ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్ యుద్ధం గెలిచిన నార్మన్ సైనికులకి కూడా వాళ్ల బిషప్పులు, చంపిన ఒక్కో మనిషికి ఏడాది చొప్పున ప్రాయశ్చిత్తం విధించారు. గెలిచినవాళ్లకి, అదీ తమ సొంత సైన్యానికి! సంఖ్యాకాండము 31 చదవడానికే కష్టమైన అధ్యాయం, అందులోని ఊచకోతని నేను ఎవరికీ ఆదర్శంగా చూపను. కానీ అక్కడ కూడా యుద్ధం నుంచి వచ్చినవాళ్లని ఏడు రోజులు పాళెం బయట ఉండి శుద్ధి చేసుకోమన్నారు. తిరిగి రావడానికి కొంత సమయం, ఒక పద్ధతి కావాలని మన పెద్దలకి తెలుసు. నువ్వు హంతకుడివి అనలేదు, నీకేమీ కాలేదు అనీ అనలేదు.

మా పెద్దాయనతో నేను చేసింది ఇదే. తిట్టిన సంగతి దేవుడి ముందు ఒప్పుకున్నాడు. పశ్చాత్తాప ప్రార్థన అయిన 51వ కీర్తన ఇద్దరం కలిసి చదివాం. పేరు తెలియని ఆ మనిషి కుటుంబం కోసం ప్రార్థన చేశాం. కొన్నాళ్లకి ఆయనంతట ఆయనే బల్ల దగ్గరికి వచ్చాడు. మీ సంఘంలో మొదటి ఆదివారం మధ్యలో లేచి వెళ్లిపోయే మాజీ సైనికులు ఉంటే, దయచేసి వాళ్ల వెనకే వెళ్లి ఒక్కసారి పలకరించండి.

అపోహ: పాత నిబంధనలో దేవుడే యుద్ధాలు చేయించాడు, కాబట్టి మన యుద్ధమేదైనా పవిత్రమే.

దావీదు రాజు యుద్ధాల్లో ఎక్కువ రక్తం ఒలికించాడని దేవుడు అతనితో మందిరం కట్టించుకోలేదు. ఇది మొదటి దినవృత్తాంతములు 22లో ఉంది, చదవండి.

అపోహ: ఆయుధం పట్టను అనే క్రైస్తవుడు పిరికివాడు.

హైదరాబాద్‌లో ఉంటూ ఈ మాట అనడానికి మనసెలా ఒప్పుతుంది? మహబూబ్‌నగర్, నల్లగొండ, గద్వాల, వనపర్తి వైపు నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాలు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలవి. వాళ్ల బైబిల్ కాలేజీ శంషాబాద్‌లోనే ఉంది. ఆయుధం పట్టకపోవడం మెన్నోనైట్ల పాత సంప్రదాయం. 1569లో నెదర్లాండ్స్‌లో డిర్క్ విలెమ్స్ అనే విశ్వాసి జైలు నుంచి తప్పించుకుని పారిపోతుంటే, వెంటపడిన మనిషి మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి అతన్ని బయటికి లాగాడు. పట్టుబడ్డాడు, సజీవంగా కాల్చేశారు. 1945లో ఒకినావాలో అమెరికన్ వైద్య సైనికుడు డెస్మండ్ డాస్ తుపాకీ ముట్టకుండా దాదాపు 75 మందిని కొండ మీంచి దించి బతికించాడు. నేను వీళ్ల పక్షం వాడిని కాదు. ప్రజల్ని కాపాడడానికి ప్రభుత్వం ఆయుధం వాడవచ్చనే నమ్ముతాను. అయినా వీళ్లని పిరికివాళ్లంటే నేను ఒప్పుకోను.

మన దేశంలో బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడం లేదు. అందుకే ర్యాలీకి ఫారం నింపకముందే అబ్బాయితో కూర్చుని ఇవన్నీ మాట్లాడమని తల్లిదండ్రులకి చెప్తాను. మనస్సాక్షి ఒప్పకపోతే బలవంతం చెయ్యకండి. వైద్య విభాగం ఉంది, నర్సింగ్ ఉంది, బయట వేరే సేవలున్నాయి. ఒప్పుకుంటే ఆశీర్వదించి పంపండి.

అపోహ: ప్రార్థన చేస్తే చాలు, డాక్టరు ఎందుకు?

ఒప్పుకోలు వేరు, నిద్ర పట్టకపోవడం వేరు. దీపావళి టపాసుల శబ్దానికి వణికిపోతుంటే, తాగుడు పెరిగితే, చనిపోవాలనే మాటలు వస్తుంటే సైకియాట్రిస్టుకి చూపించాలి. సర్వీసులో ఉంటే మిలిటరీ హాస్పిటల్, రిటైరైతే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ ఉన్నాయి. ఎవరికైనా పనికొచ్చే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. కాపరికి చెప్పుకోవాలన్నా అదే రోజు చెప్పుకోవచ్చు, ఒకటి అయ్యాకే రెండోదని ఆగక్కర్లేదు. ఇంట్లోవాళ్లు మాత్రం సెలవు మీద వచ్చిన పిల్లాడిని భోజనాల దగ్గర "ఎంతమందిని చంపావురా" అని అడక్కండి. చుట్టాలు అడిగితే మాట మార్చండి.